పడమర రోడ్డు ప్లాట్‌ల ఆఫీస్ కడుతున్నం, ముందు మొత్తం అద్దం పెట్టాలా వద్దా? కరెంటు తక్కువ కాలేటట్టు కట్టుడు ఎట్ల?

హన్మకొండ_ఆఫీస్:

నమస్తే అందరికి. హన్మకొండల మాకు 300 గజాల ప్లాట్ ఉన్నది, పడమర రోడ్డు. దక్షిణం దిక్కు ఆనుకోని ఇప్పటికే మూడంతస్తుల బిల్డింగ్ ఉన్నది, ఉత్తరం దిక్కు ప్లాట్ ఖాళీ, వెనక తూర్పు దిక్కు పాత పెంకుటిల్లు. అండ్ల గ్రౌండ్ ప్లస్ టూ ఆఫీస్ కడదామని అనుకుంటున్నం. మాది అకౌంట్స్, జీఎస్టీ, ఆడిట్ పని, కింద క్లయింట్లు వచ్చి కూసునే జాగ, పైన రెండు ఫ్లోర్లల్ల స్టాఫ్, అంత కలిపి 40 మంది దాక అయితం. ఫ్లోర్‌కి 1500 ఎస్ఎఫ్‌టీ వస్తది అన్నరు.

ఇప్పుడు కిరాయికి ఉన్న ఆఫీస్ పై అంతస్తు, నెత్తి మీద డైరెక్ట్ స్లాబే. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు దాటినంక ఏసీ 18ల పెట్టినా చల్లగ కాదు, సాయంత్రం పడమర గోడకు చెయ్యి ఆనిస్తే లోపలి దిక్కు కూడ వేడిగనే తగులుతది, మార్చి ఎండింగ్ టైంల రాత్రి పది దాక కూసుంటం కద అప్పుడు గూడ ఆ గోడ ఇంక వేడి కక్కుతనే ఉంటది. కరెంటు బిల్లు సంగతి ఇగ చెప్పొద్దు. సొంతది కట్టినంక ఈ బాధ ఉండొద్దు అనేదే నా ఆలోచన, పైసలు మిగలాలె అనేది ఒకటి, దానికన్న ఎక్కువ ఏందంటే పిల్లలు పొద్దంత అండ్లనే కూసోని పని చేస్తరు, వాళ్ళకు మంచిగ ఉండాలె.

డ్రాయింగ్ ఇచ్చినాయన ఎలివేషన్ చూపించిండు, ముందు దిక్కు అంటే పడమరకు కింది నుంచి పైదాక మొత్తం అద్దం, పక్కల ఏసీపీ షీట్ (అల్యూమినియం పొరల షీట్). మా బావ పార్ట్‌నర్, ఆయనకు బాగ నచ్చింది, రోడ్డు మీద పోయేటోళ్ళకు కొట్టొచ్చినట్టు కనపడాలె అంటడు. నేనేమో పడమర ఎండకు అద్దం ఏంది అని భయపడుతున్న. అడిగితే మంచి గ్లాస్ ఏస్తం, ఏసీ కెపాసిటీ పెంచుతం, పైన సోలార్ పెడితే బిల్లు జీరో అయితది అంటున్నరు. ఇది నిజమేనా? గ్రీన్ బిల్డింగ్ అంటరు కద అది మాలాంటి చిన్న ఆఫీస్‌కి పనికొస్తదా లేకపోతే పెద్ద కంపెనీలకేనా? తెలిసినోళ్ళు చెప్పుండ్రి, ఇంక పునాది తియ్యలే.

కరీంనగర్_ఆర్కిటెక్ట్:

అన్నా, పునాది తియ్యకముందే అడిగిండ్రు, అదే పెద్ద లాభం. ఏసీ రేపు మార్చుకోవచ్చు, సోలార్ ఎల్లుండి పెట్టుకోవచ్చు, కానీ బిల్డింగ్ ఏ దిక్కుకు ఎంత తెరుచుకోని ఉన్నదో అది ఒకసారి స్లాబ్ పడ్డంక ఎవ్వరు మార్చలేరు. అందుకని అన్నిటికన్న ముందు ఎండను బయటనే ఆపుడు, తర్వాత ఫ్యాన్లు, తర్వాత ఏసీ, ఆఖరికి సోలార్. మీకు చెప్పినోళ్ళు దీన్ని మొత్తం తలకిందులు చేసి చెప్పిండ్రు.

పడమర అద్దం లెక్క చూడుండ్రి. మీ ముందు గోడల సగమే అద్దం అనుకున్నా 600 ఎస్ఎఫ్‌టీ అయితది, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. ఏప్రిల్ మే నెలల్ల సాయంత్రం నాలుగు గంటలకు పడమర గోడ మీద చదరపు మీటర్‌కి ఇంచుమించు 600 వాట్ల ఎండ పడుతది. మామూలు క్లియర్ గ్లాస్ అయితే అండ్ల 80 శాతం లోపలికి వస్తది, అంటే 27 కిలోవాట్ల వేడి. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే ఏడున్నర టన్నులకు పైన ఏసీ ఆ ఒక్క అద్దం కోసమే తిరగాలె, మనుషుల కోసం కాదు కంప్యూటర్ల కోసం కాదు. మంచి గ్లాస్ అని వాళ్ళన్నది డబుల్ గ్లేజింగ్ (నడుమ సందుతోని రెండు అద్దాలు), లో-ఈ కోటింగ్ (వేడిని తిప్పికొట్టే సన్న పూత) ది అయి ఉంటది, దానికి ఎస్‌హెచ్‌జీసీ అని ఒక నంబర్ ఉంటది, ఎండల ఎంత వంతు లోపలికి పంపుతదో చెప్పేది. బిల్డింగ్‌లల్ల కరెంటు పొదుపుకు పెట్టిన ఎనర్జీ కోడ్ ఈసీబీసీ 2017 ప్రకారం హైదరాబాద్ లాంటి కాంపోజిట్ (ఎండ, ఉక్క, చలి అన్ని కలిసిన) వాతావరణంల ఉత్తరం తప్ప మిగిలిన దిక్కులకు అది 0.27 దాటొద్దు, గోడ మొత్తంల అద్దం 40 శాతం దాటొద్దు. ఆ గ్లాస్ ఏసినా మీకు ఇంక రెండున్నర టన్నుల వేడి వస్తనే ఉంటది, గ్లాస్ ఖర్చు వేరే. ఆ కోడ్ పెద్ద కమర్షియల్ బిల్డింగ్‌లకే, మీది దాని కిందికి రాదు, కానీ అండ్ల నంబర్లు ఎవ్వరైనా వాడుకోవచ్చు, నేను ఇంటికి గూడ అవే చూస్త.

ఇగ దిక్కుల సంగతి. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది, మే నెలల మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదనే ఉంటడు. అంటే ఎండాకాలం దక్షిణం గోడకు ఎండ చాన తక్కువ, అది చలికాలంలనే పడుతది. దక్షిణం కిటికీ నాలుగు అడుగుల ఎత్తు ఉంటే పైన రెండడుగుల సజ్జ పోస్తే చాలు, ఫిబ్రవరి ఆఖరు నుంచి అక్టోబర్ సగం దాక మధ్యాహ్నం ఎండ లోపల పడదు. మీకు అటు దిక్కు బిల్డింగే ఉన్నది కాబట్టి ఆ బాధ గూడ లేదు. ఉత్తరం వెలుతురు అన్నిటికన్న మంచిది, పొద్దంత ఒక్క తీరుగ ఉంటది, స్క్రీన్ మీద మెరుపు కొట్టదు. తూర్పు ఎండ వస్తది కానీ పొద్దున బయట వేడి తక్కువ ఉంటది, పదిన్నర దాక ఓర్చుకుంటే పోతది. పడమర ఒక్కటే శత్రువు, ఎందుకంటే సూర్యుడు కిందికి దిగి అడ్డంగ కొడుతడు, సజ్జ ఎంత పెద్దది పోసినా దాని కింద నుంచి వస్తడు, అప్పటికి బయట గాలి గూడ 43, 44 డిగ్రీలు ఉంటది, రెండు కలిసి కొడుతయి.

అందుకే నేనైతే ఏం చేస్త అంటే మెట్లు, లిఫ్ట్, బాత్రూంలు, రికార్డ్ రూం, ఇవన్ని తీసుకపోయి పడమరకు పెడుత. మీకు ఫైళ్ళు దండిగ ఉంటయి కద, ఆ రూంకు కిటికీలు వద్దు, ఏసీ వద్దు. అవి పడమర ఎండను మింగుతయి, దాని వెనక స్టాఫ్ హాల్ ఉత్తరం, తూర్పు దిక్కులకు తెరుచుకోని ఉంటది. హాల్ లోతు 25 అడుగులు దాటకుండ చూసుకోండ్రి, కిటికీ పైఅంచు సీలింగ్‌కి దగ్గరగ పెడితే వెలుతురు లోపలి దాక పోతది, పగటిపూట లైట్లు సగం బంద్ పెట్టొచ్చు. ఉత్తరం ప్లాట్ ఖాళీ అన్నరు, రేపు అక్కడ బిల్డింగ్ లేస్తది అనే లెక్కలనే కట్టుండ్రి, ఈశాన్యం మూల కొంచెం ఎక్కువ జాగ ఇడిస్తే పక్కన ఎవరు కట్టినా మీకు వెలుతురు, గాలి ఉంటది.

గోడల గురించి ఒక మాట. రామగుండం, చెల్పూరు థర్మల్ ప్లాంట్ల బూడిదతోని చేసిన ఫ్లైయాష్ ఇటుకలు మన దగ్గర మస్తు దొరుకుతయి, బట్టీ కాల్చేది లేదు, పొలం మట్టి తీసేది లేదు, వాడుండ్రి. కానీ అది పర్యావరణానికి మంచిదే తప్ప వేడిని ఎర్ర ఇటుక కన్న ఎక్కువ ఆపదు, చాన మంది ఇక్కడ పొరపడుతరు. గోడ ఎంత వేడిని దాటనిస్తదో చెప్పే నంబర్ యూ-వాల్యూ, తక్కువుంటే మంచిది. తొమ్మిదించుల ఇటుక గోడకు అది 2 దగ్గర ఉంటది, కోడ్ చిన్న ఆఫీస్‌లకు అడిగేది 0.63. ఎనిమిదించుల ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంట్ ఇటుక) పెడితే 0.7, 0.8 దాక దిగుతది. లేదంటే పడమర గోడ ఒక్కటి రెండు వరుసలు కట్టించుండ్రి, నాలుగించుల గోడ, నడుమ రెండించుల సందు, మళ్ళ నాలుగించుల గోడ. సందుల మాల్ పడకుండ మేస్త్రీ మీద కన్నేసి ఉండాలె, పడితే రెండు గోడలు కలిసిపోయి వేడి దాటుతది.

బావ గారికి చెప్పుండ్రి, రోడ్డుకు కనపడుడు అంటే అద్దమే కానక్కరలేదు.

ఆఫీస్_అమ్మాయి_కాజీపేట:

నాది సివిల్ కాదు, ఏం కాదు, కానీ అద్దాల ఆఫీస్‌ల పడమర దిక్కు సీట్‌ల కూసోని పని చేసిన కాబట్టి చెప్తున్న అన్నా. ఊరు, కంపెనీ చెప్పను. బయట నుంచి చూస్తే ఆ బిల్డింగ్ అద్భుతంగ ఉంటుండే, ఫొటోలు దిగుతుండె జనం. లోపల సంగతి ఏందంటే మధ్యాహ్నం రెండున్నరకు ఎండ డైరెక్ట్ గ మానిటర్ మీద పడుతది, ఎక్సెల్‌ల నంబర్లు కనపడవు, బ్లైండ్లు దించుతం, బ్లైండ్ సందులల్ల నుంచి గీతలు గీతలుగ ఎండ చేతి మీద పడుతది, అప్పుడు మా వాళ్ళు గ్లాస్‌కి థర్మాకోల్ షీట్లు, అట్టపెట్టెలు ప్లాస్టర్‌తోని అతికించిండ్రు. బయట నుంచి చూస్తే అద్దం వెనక కంప్యూటర్ డబ్బాల అట్టలు కనపడుతుండె. ఇగ బ్లైండ్ దించినంక చీకటి, కాబట్టి పట్టపగలు అన్ని లైట్లు వేసుకునుడు. అద్దం పెట్టింది వెలుతురు కోసం అంటరు, మరి లైట్లు ఎందుకు వెయ్యాల్సి వచ్చింది?

ఇంకోటి, ఏసీ కింద కూసున్నోళ్ళు స్వెటర్ వేసుకుంటరు, అద్దం పక్కన ఉన్నోళ్ళకు చెమటలు, రిమోట్ కోసం రోజు లొల్లి. ఒకరు 18 అంటరు, ఒకరు 26 అంటరు. అది మనుషుల లొల్లి కాదు, బిల్డింగ్ తెచ్చిన లొల్లి.

గాలి సంగతి గూడ చూడుండ్రి ప్లీజ్. స్ప్లిట్ ఏసీ బయట గాలి తీసుకరాదు, లోపలి గాలినే తిప్పితిప్పి చల్లగ చేస్తది. ఇరవై మంది తలుపులేసుకోని కూసుంటే మూడు గంటలకల్ల అందరికి తలనొప్పి, ఆవలింతలు, మేమైతే భోజనం ఎక్కువైంది అనుకుంటుంటిమి. తెరిచే కిటికీలు పెట్టుండ్రి, తెరవనీకి రాని ఫిక్స్‌డ్ గ్లాస్ వద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక మన దగ్గర ఏసీ అవసరమే లేదు కద, కిటికీ తెరిస్తే చాలు, ఆ బిల్డింగ్‌ల ఆ నాలుగు నెలలు గూడ ఏసీ నడిచేది, ఎందుకంటే కిటికీ తెరిచే దారే లేదు. మీరు పిల్లలకు మంచిగ ఉండాలె అన్నరు చూడు, అది చదివినంకనే ఇదంత రాయబుద్ధి అయింది.

హన్మకొండ_ఆఫీస్:

మస్తు థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ చెల్లె. థర్మాకోల్ సంగతి మా బావకు చదివి వినిపించిన, ఇప్పుడు జరంత ఆలోచనల పడ్డడు. కానీ మళ్ళ ఒకటి అంటుండు, మెట్లు, బాత్రూంలు ముందట పెడితే వాస్తు ఒప్పుకుంటదా, ఫ్రంట్ చూడనీకి గోడ లెక్క ఉండదా అని. మా అమ్మ గూడ వాస్తు చూపియ్యకుండ కొబ్బరికాయ కొట్టనియ్యదు. ఇంకోటి సోలార్ 10 కిలోవాట్ల కొటేషన్ ఇచ్చిండ్రు, దానితోని బిల్లు జీరో అనేది ఎంత వరకు కరెక్ట్? ఏసీ ఆయనేమో 25 టన్నులు కావాలె అంటుండు, ఫ్యాన్లు ఎందుకు సార్ సెంట్రల్ ఏసీ పెట్టినంక అంటుండు.

మెయింటెనెన్స్_హైదరాబాద్:

మాది పరకాల, హైదరాబాద్‌ల పెద్ద క్యాంపస్‌ల ఎలక్ట్రికల్, ఏసీ మెయింటెనెన్స్ చూస్త. అన్నా, సోలార్ లెక్క నేను చెప్త, మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు ఇట్టే అర్థం అయితది.

ఆఫీస్ బిల్డింగ్ ఎంత కరెంటు తింటదో కొలిచేదానికి బీఈఈ (ఏసీలకు, ఫ్రిజ్‌లకు స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళు ఈపీఐ అని పెట్టిండ్రు, ఏడాదికి చదరపు మీటర్‌కి ఎన్ని యూనిట్లు అని. వాళ్ళు మొదట పెట్టిన లెక్క ప్రకారం కాంపోజిట్ జోన్‌ల సగానికన్న ఎక్కువ ఏసీ ఉన్న ఆఫీస్‌కి 190 నుంచి 165 మధ్యల ఉంటే ఒక స్టార్, 90 కన్న తక్కువ ఉంటే ఐదు స్టార్లు. ఆ స్టార్ స్కీం పెద్ద లోడ్ ఉన్నోళ్ళకు, మీకు సర్టిఫికెట్ అక్కరలేదు, కొలతబద్ద వాడుకుంటే చాలు. మీది 4500 ఎస్ఎఫ్‌టీ, అంటే 418 చదరపు మీటర్లు. ఒక స్టార్ తీరుగ 190 తింటే ఏడాదికి 79 వేల యూనిట్లు, నెలకు 6600. ఐదు స్టార్ల తీరుగ 90 తింటే ఏడాదికి 37,600, నెలకు 3100 చిల్లర. 10 కిలోవాట్ల సోలార్ మన ఎండకు కిలోవాట్‌కి రోజుకు 4 యూనిట్లు సగటున ఇస్తది, అంటే నెలకు 1200. ఇప్పుడు మీరే చూడుండ్రి, అద్దాల బిల్డింగ్ మీద అది ఐదో వంతు గూడ కాదు, మంచిగ కట్టిన బిల్డింగ్ మీద మూడో వంతు దాటుతది. ప్యానెల్స్ అవే, పైసలు అవే. జీరో అనే మాట రెండింట్ల దేనికి నిజం కాదు. మీ టెర్రస్ 1500 ఎస్ఎఫ్‌టీ, కిలోవాట్‌కి 100 ఎస్ఎఫ్‌టీ పోతది, ట్యాంక్, మెట్ల గది పోంగ 10 కన్న ఎక్కువ పట్టదు గూడ.

నిజంగ జీరో చేసిన ఆఫీస్‌లు ఉన్నయి, ఢిల్లీల ఇందిరా పర్యావరణ్ భవన్ 2014ల మొదలైంది, కానీ దానికి 930 కిలోవాట్ల సోలార్ ఉన్నది, అంతకంటే ముందు బిల్డింగ్ దిక్కు, నీడ, నడుమ ఖాళీ జాగ అన్ని చూసుకోని కరెంటు వాడకం తగ్గించినంకనే అది కుదిరింది. మన హైదరాబాద్‌ల హైటెక్స్ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉన్నది, 2004ల అబ్దుల్ కలాం గారు ప్రారంభించిండ్రు, దేశంల మొదటి లీడ్ ప్లాటినం (గ్రీన్ బిల్డింగ్‌లకు ఇచ్చే అన్నిటికన్న పెద్ద రేటింగ్) బిల్డింగ్ అదే. నడుమ వాకిలి, పైన గడ్డి, గాలి లోపలికి తెచ్చే టవర్లు. ఒకసారి పోయి చూసి రాండ్రి, బావగారిని గూడ తీసుకపోండ్రి. పోచారంల ఇన్ఫోసిస్ వాళ్ళు 2011ల ఇంకో పని చేసిండ్రు, ఒకే బిల్డింగ్‌ను రెండు సగాలు చేసి ఒక దిక్కు మామూలు ఏసీ మంచిగ డిజైన్ చేసింది, ఇంకో దిక్కు స్లాబ్‌లనే పైపులు పెట్టి చల్లటి నీళ్ళు తిప్పే రేడియెంట్ కూలింగ్ పెట్టిండ్రు. రెండో సగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు తిన్నది. మీరు పైపులు పెట్టుకోండ్రి అంటలేను, మీ సైజుకు అది అక్కరలేదు. అక్కడ గూడ ముందు కిటికీలు చిన్నగ చేసి, నీడ పెట్టి, వేడి లోపలికి రాకుండ చేసినంకనే ఆ పైపులు సరిపోయినయి, అది చూడాలె.

ఏసీ 25 టన్నులు ఎట్ల వచ్చిందంటే 120 ఎస్ఎఫ్‌టీకి ఒక టన్ను అని రెండు ఫ్లోర్లకు గుడ్డిగ కొట్టిండు. హీట్ లోడ్ లెక్క కాగితం మీద అడుగుండ్రి, గోడలు, కిటికీలు, మనుషులు, కంప్యూటర్లు వేరేవేరేగ రాసి ఇయ్యమనుండ్రి. కరీంనగర్ సార్ చెప్పిన తీరుగ కడితే ఆ ఫ్లోర్లకు సగం టన్నులతోని నడుస్తది. రూంకు రూం ఇన్వర్టర్ స్ప్లిట్లు పెట్టుండ్రి, మార్చిల రాత్రి ఐదుగురే ఉంటే వాళ్ళ రూం ఒక్కటే నడుపుకోవచ్చు, సెంట్రల్ అయితే ఐదుగురి కోసం మొత్తం తిరుగుతది. ఔట్‌డోర్ యూనిట్లు మాత్రం పడమర ఎండల పెట్టొద్దు, ఇరుకు సందుల గూడ పెట్టొద్దు, అది ఊదిన వేడిగాలి అదే మళ్ళ పీల్చుకుంటది, కూలింగ్ పడిపోతది, కంప్రెసర్ తొందరగ పోతది.

ఫ్యాన్లు తప్పకుండ ఉండాలె అన్నా. ఫ్యాన్ గాలి ఒంటికి తగిలితే 27ల ఉన్నా 24 తీరుగ అనిపిస్తది, ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాక కరెంటు తగ్గుతది అని బీఈఈ చెప్తది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, కరెంటు తక్కువ తినే మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. 25 ఫ్యాన్లు రోజుకు 9 గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 3000 యూనిట్లు మిగులుతయి. సబ్సిడీ సంగతి చెప్పాలె, పీఎం సూర్యఘర్ అనే కేంద్రం సోలార్ స్కీంల 78 వేలు ఇండ్లకే, ఆఫీస్‌కి రాదు, ఎవరైనా ఇప్పిస్త అంటే నమ్మొద్దు. మీకు 40 శాతం డిప్రిసియేషన్ ఉంటది, ఆ లెక్క నాకన్న మీకే బాగ తెలుసు. నెట్ మీటర్‌కి (సోలార్ కరెంటు మిగిలితే లైన్‌కి పంపి బిల్లుల తగ్గించే మీటర్) మన కరెంటు కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్‌ల అప్లై చేసుకోవాలె.

కరీంనగర్_ఆర్కిటెక్ట్:

వాస్తు గురించి భయపడకుండ్రి అన్నా, ఈ విషయంల వాస్తు మన దిక్కే ఉన్నది. బరువులు నైరుతికి పడమరకు, మెట్లు దక్షిణం గాని పడమర గాని, బాత్రూంలు వాయవ్యం దిక్కు, ఈశాన్యం తేలికగ ఖాళీగ ఉండాలె అనే కద పంతులు చెప్పేది. నేను చెప్పిన ప్లాన్ గూడ అదే. అమ్మగారికి ఇదే చూపియ్యుండ్రి.

ఫ్రంట్ గోడ లెక్క ఉంటదా అంటే, అట్ల కాకుండ చేసుడు మా పని. మెట్ల ముందు మొత్తం టెర్రకోట జాలి నిలబెట్టుండ్రి, లోపలి అద్దానికి ఒక రెండడుగులు దూరంల. జాలి బయట ఉంటది కాబట్టి అది వేడెక్కినా ఆ వేడి గాలిల కలిసి పైకి పోతది. అదే లోపల బ్లైండ్ వేసినమనుకో, ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, ఇగ ఆ వేడి ఏసీ నెత్తి మీదనే. పగలు జాలి నీడ మెట్ల మీద పడుతది, సాయంత్రం లోపల లైట్ వేస్తే రోడ్డు మీదికి మొత్తం వెలిగినట్టు కనపడుతది, మీ బోర్డు దాని మీదనే. గ్రౌండ్ ఫ్లోర్ ఎంట్రెన్స్ ఒక్కటి అద్దం పెట్టుకోండ్రి, ఎనిమిది అడుగులు లోపలికి జరిపి, పైన మొదటి ఫ్లోర్ కప్పినట్టు. బావగారి కోరిక తీరుతది. ముందు సెట్‌బ్యాక్‌ల రెండు కానుగ చెట్లు పెట్టుండ్రి, కరెంటు తీగలు లేని దిక్కు చూసుకోని, నాలుగైదేండ్లల్ల మొదటి ఫ్లోర్ దాక నీడ వస్తది.

కూలర్ల గురించి ఎవరు అడగలే కానీ చెప్త. కింద క్లయింట్లు కూసునే హాల్‌కి డక్ట్ కూలర్ మార్చి నుంచి మే దాక మంచిగ పని చేస్తది, గాలి పొడిగ ఉంటది కాబట్టి. జూన్‌ల వానలు పడ్డంక ఉక్కపోత, అప్పుడు కూలర్ వేస్తే ఇంక చిరచిర. అందుకని కూలర్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు, ఎండాకాలం నీళ్ళ సంగతి గూడ చూసుకోవాలె. రాత్రి కిటికీలు తెరిచి బిల్డింగ్ చల్లార్చుకునుడు అని పుస్తకాలల్ల ఉంటది, అది మనకు చలికాలం, మార్చి మొదటి దాక పనికొస్తది, మే నెలల రాత్రి గూడ 28, 29 కన్న దిగదు, అప్పుడు దానితోని లాభం లేదు.

కట్టుబడి_జనగామ:

అందరు అన్ని చెప్పిండ్రు, కప్పు సంగతి సరిగ ఎవరు చెప్పలే. మా నాయిన మేస్త్రీ, నేను గూడ అదే పని, కాబట్టి స్లాబ్ గురించి నేను చెప్త. పడమర గోడ రోజుల సగంపూట ఎండ తింటది, స్లాబ్ పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాక తింటది. మే నెలల ఉత్త కాంక్రీట్ స్లాబ్ పైన 60 డిగ్రీలు దాటుతది, చెప్పులు లేకుండ అడుగు పెట్టలేరు. అన్న ఇప్పుడున్న ఆఫీస్‌ల ఏసీ 18ల పెట్టినా చల్లగ కాకపోవుడు దీనివల్లనే ఎక్కువ.

మన తెలంగాణల కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టి చల్లగ ఉండే కప్పు) పాలసీ 2023ల వచ్చింది, కమర్షియల్ బిల్డింగ్‌లకు ఎంత చిన్నదైనా కూల్ రూఫ్ తప్పనిసరి అని అండ్ల ఉన్నది, కాబట్టి ఎట్లైనా చెయ్యాల్సిందే, చేసేది మంచిగ చేయించుండ్రి. తెల్ల పెయింట్ కొడితే చవుకనే కానీ మన దగ్గర దుమ్ముకు ఏడాది తిరిగేసరికి మట్టిరంగు పడుతది, ప్రతి ఫిబ్రవరి ఆఖరుకు కడగాలె, రెండు మూడేండ్లకు మళ్ళ కొట్టాలె. తెల్ల టైల్స్ ముక్కలు పరిచేది దానికన్న గట్టిది, టైల్స్ షాపులల్ల విరిగినయి చవుకగ దొరుకుతయి. ఊకె మాల్ మీద అతికించుడు కాదు, కింద వేడి ఆపే పొర గూడ ఉండాలె, 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ షీట్ (గట్టి ఫోమ్ షీట్) అని గులాబి, నీలం రంగులల్ల వస్తది, అది స్లాబ్ పైన వాటర్ ప్రూఫింగ్ అయినంక పరిచి, దాని మీద సన్న జాలి పెట్టి రెండించుల కాంక్రీట్ వాటం చూసుకోని పోసి, దాని మీద టైల్స్ ముక్కలు, సందులల్ల తెల్ల సిమెంట్. షీట్‌ను సీలింగ్ కింద లోపలి దిక్కు పెట్టమంటరు కొందరు, సులువని. అట్ల పెడితే స్లాబ్ ఎండకు కాగుతనే ఉంటది, పగుళ్ళు వస్తయి. వేడిని స్లాబ్ పైననే ఆపాలె.

సోలార్ పెట్టేది ఉంటే స్ట్రక్చర్ ఎనిమిది అడుగుల ఎత్తు లేపుండ్రి, కింద నడవనీకి జాగ ఉంటది, ప్యానెల్స్ నీడ గూడ స్లాబ్ మీద పడుతది. దాని కాళ్ళు స్లాబ్ పోసేటప్పుడే బోల్టులు పెట్టి చెయ్యాలె, తర్వాత డ్రిల్ కొట్టిండ్రంటే వాటర్ ప్రూఫింగ్ పాడైతది, అక్కడి నుంచే కారుడు మొదలైతది.

కోతుల సంగతి మర్చిపోవద్దు అన్నా. హన్మకొండల కోతులు ఎట్ల ఉన్నయో మీకు తెలుసు. తెరిచే కిటికీలు అన్నరు కద చెల్లె, బయట గ్రిల్ లోపల దోమల జాలి లేకపోతే ఒక్కరోజు తెరుస్తరు, రెండోరోజు నుంచి మూసుడే, ఫైళ్ళు గిట్ల గుంజుకపోతయి. టెర్రకోట జాలి గూడ కోతులు ఎక్కి ఊపుతయి, ఒక్కొక్క ముక్క సిమెంట్‌తోని ఉత్తగ అతికించుడు కాదు, రెండు వరుసలకు ఒక 6 ఎంఎం రాడ్ పోనియ్యాలె. సోలార్ వైర్లు ఉత్తగ వేలాడనియ్యొద్దు, జీఐ పైపులల్ల పెట్టించుండ్రి, కోతులు పీకుతయి.

వాన నీళ్ళ గురించి గూడ ఒక మాట, మన దగ్గర ఏడాదికి 950 ఎంఎం దాక వాన పడుతది, మీ 1500 ఎస్ఎఫ్‌టీ కప్పు మీద పోంగ రాంగ లక్ష లీటర్లు వస్తయి. ఇంకుడు గుంతకు పైపు ఇప్పుడే ప్లాన్‌ల పెట్టుకోండ్రి, సంపుకు ఒక దారి, గుంతకు ఒక దారి.

పని ఎప్పుడు చేయించాలె అంటే, కప్పు పని డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యల పెట్టుకోండ్రి, క్యూరింగ్ మంచిగ అయితది. వాటర్ ప్రూఫింగ్ చేసినంక నాలుగు దిక్కుల మట్టికట్ట పోసి 48 గంటలు నీళ్ళు నిలబెట్టుండ్రి, కింద సీలింగ్‌కి ఎక్కడ చెమ్మ లేదు అని మీరే టార్చ్ పట్టుకోని చూసినంకనే షీట్ పరవనియ్యాలె. కాంట్రాక్టర్‌తోని రాసుకునే కాగితంల ఈ 48 గంటల టెస్ట్ సంగతి, ఎక్స్‌పీఎస్ మందం, పడమర గోడ సందు, ఈ మూడు రాయించుండ్రి. బిల్లు పెరుగుతుందంటే అందరికన్న ముందు ఎగిరిపోయేటియి ఇవే.